రంగం మఠంలో మారు వడ్డన

ఆ రోజుల్లో మా ఏలూరు వైపు మనిషిని భోజనానికి పిలవడం సులువే, పిలిచిన మనిషి చేత తినిపించడమే పెద్ద పని. వచ్చినవాడు పీట మీద కూర్చోవడానికే కాసేపు బతిమాలించుకునేవాడు. కూర్చున్నాక విస్తట్లో అన్నం పడీ పడకముందే "చాలండీ, చాలండీ" అంటూ చెయ్యి అడ్డం పెట్టేవాడు. ఆ చేతిని నమ్మి గరిటె వెనక్కి తీసుకున్న ఇల్లాలికి మర్యాద తెలియని మనిషన్న పేరు ఖాయం. "అదేం భోజనమండీ, పిచ్చుక తిన్నట్టు" అని ఆవిడ అనాలి, "ఇంటి దగ్గర తినే వచ్చానండీ" అని ఈయన అబద్ధమాడాలి, ఆవిడ ఆ చేతి సందులోంచే ఓ గరిటె జారవిడవాలి, ఈయన "ఏమిటండీ ఇది" అని నొచ్చుకుంటూ దాన్ని శుభ్రంగా కలుపుకోవాలి. ఇలా రెండు మూడు విడతలు జరిగితేగాని అది భోజనం కిందికి రాదు. (మా పెద్దమ్మ ఒకావిడ పెళ్ళిచూపులకని పొరుగు జిల్లా వెళ్ళి, వాళ్ళు దేనికైనా ఒక్కసారే అడిగారని ఆకలితో తిరిగొచ్చి, రైలు దిగుతూనే స్టేషన్లో ఇడ్లీలు తింది. ఆ సంబంధం మేము చేసుకోలేదు.) ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, ఈ అలవాటు మూలానే మా ఇంట్లో ఒక మనిషి సముద్రం దాటి వెళ్ళిపోయాడు, ఈ అలవాటు మూలానే నేనాయన్ని వెతికి పట్టుకున్నాను. మధ్యలో పస్తులు మాత్రం నావి.

ఆ మనిషి మా నాయనమ్మకు తమ్ముడు. నాయనమ్మ పుట్టిల్లు కలిదిండి అవతల, కొల్లేటి లంకల్లో ఒక ఊరు. వానాకాలం వస్తే గుమ్మం దాకా నీళ్ళు, ఎక్కడికి వెళ్ళాలన్నా దోనె ఎక్కాల్సిందే. అక్కడ వాళ్ళ చెల్లెలి పెళ్ళి జరిగింది. పెళ్ళికూతురి అన్నగారు కాబట్టి ఈయన పొద్దుటి నుంచీ బంతి తరవాత బంతికి వడ్డించి వడ్డించి, ఆఖరి బంతిలో కూర్చున్నాడు. నాయనమ్మ బూరెల బుట్టతో వచ్చింది. ఒక బూరె వేసింది. ఈయన అలవాటు కొద్దీ చెయ్యి అడ్డం పెట్టాడు. ఆవిడ బుట్ట పక్కన పెట్టి లోపలికి వెళ్ళిపోయింది. పొద్దుటి నుంచీ ఊరందరికీ కొసరి కొసరి వడ్డించిన మనిషి, సొంత అక్కే తనకు రెండోసారి అడగలేదని విస్తరి మడిచేసి, దోనె ఎక్కి వెళ్ళిపోయాడు. వెళ్ళినవాడు సాయంత్రానికి వస్తాడనుకున్నారు. తరవాతెప్పుడో కాకినాడలో ఓడ ఎక్కాడని తెలిసింది. రంగూన్ని మావాళ్ళు రంగం అనేవారు కాబట్టి, మేము కళ్ళతో చూడని ఆ పెద్దమనిషికి మా ఇంట్లో రంగం తాతయ్య అని పేరుపడిపోయింది.

మేము పిల్లలం ఈ కథ చెప్పించుకుని పొట్టచెక్కలయ్యేలా నవ్వేవాళ్ళం. నాయనమ్మ నవ్వేది కాదు. యుద్ధం రోజుల్లో రంగం నుంచి జనం అడవుల వెంట నడిచి వచ్చేస్తుంటే, ఫలానా ఊళ్ళో ఎవరో దిగారని తెలిస్తే చాలు, ఆవిడ బండి కట్టించుకుని వెళ్ళి అడిగి వచ్చేది. ఎవరూ చూడలేదన్నారు. యుద్ధం అయిపోయిన చాన్నాళ్ళకి తణుకు ఆయన ఒకరు, రంగం ఊరి బయట బౌద్ధుల మఠంలో మనవైపు మనిషి ఒకాయన ఉన్నాడని విన్నానన్నాడు. అంతే, ఆ రోజు నుంచి నాయనమ్మ ఆ మఠం తప్ప వేరే మాట మాట్లాడలేదు.

నేనప్పుడు తాడేపల్లిగూడెంలో ఒక కలప అడితిలో కుర్ర గుమాస్తాని. ఏలూరు నుంచి రోజూ పాసింజరులో వెళ్ళడం, దుంగలు కొలవడం, చెవిలో రంపపు పొట్టుతో ఇంటికి రావడం, ఇదీ నా జీవితం. ఆ ఏడు మా షావుకారుగారికి టేకు దుంగలు రంగం నుంచి తెప్పించాలని బుద్ధి పుట్టి, పెద్ద గుమాస్తాగారిని పంపుతూ, ఆయన సంచులు మోయడానికీ, దుంగలు కొలవడానికీ నన్ను తోడిచ్చారు. ఈ కబురు వినగానే నాయనమ్మ నా పెట్టె ముందు కూర్చుంది. తమ్ముడు ఎలా ఉంటాడని అడిగితే పొడుగ్గా, సన్నగా, నెత్తినిండా ఉంగరాల జుట్టుతో ఉంటాడని చెప్పింది. తీసుకొచ్చెయ్యమంటావా అని అడిగితే తల అడ్డంగా ఊపింది.

"రమ్మంటే వస్తాడో రాడో, అది వాడిష్టం. నువ్వు మాత్రం ఒక్క ముక్క చెప్పు నాన్నా. అక్కయ్య నిన్ను దాటి వెళ్ళిపోలేదు, నెయ్యి కోసం లోపలికి వెళ్ళింది అని చెప్పు. వాడు నెయ్యి లేందే బూరె ముట్టడు. ఆ సంగతి నాకు తెలియదా? గిన్నె పట్టుకొచ్చేసరికి పీట ఖాళీగా ఉంది" అంది.

అన్నేళ్ళూ ఆవిడ గొంతులో అడ్డుపడి ఉన్నది ఆ మాటని నాకప్పుడు అర్థమైంది. నవ్వు రాలేదు. తప్పకుండా చెప్పి వస్తానని చేతిలో చెయ్యేసి మాటిచ్చాను.

విశాఖపట్నంలో స్టీమరెక్కిన దగ్గర్నుంచీ రంగంలో దిగేదాకా నేను చూసిన సముద్రమంతా ఓడ అంచు మీద వాలిపోయి చూసిందే కాబట్టి దాన్ని వర్ణించను. రంగంలో మేము దిగిన వీధిలో తెలుగువాళ్ళు చాలామందే ఉన్నారు. మూలనున్న టీకొట్టాయన్ని మఠం సంగతి అడిగితే, నిజమేనండీ, మనవైపు పెద్దాయన ఒకరు ఉన్నారని అందరూ అంటారండీ, పేరు మాత్రం తెలీదండీ, అక్కడ చేరినవాళ్ళకి వాళ్ళే ఏదో పేరు పెట్టేసుకుంటారండీ అన్నాడు. ఊరికే చూసి వస్తామంటే లోపలికి పోనివ్వరట. శనివారం పొద్దున్న వెళ్ళి ఆదివారం సాయంత్రం దాకా మౌనంగా ధ్యానం చేసుకుంటామనే వాళ్ళకి మాత్రం చోటిస్తారట. అదృష్టవశాత్తూ ఆ రెండు రోజులూ మాకు పని లేదు, సోమవారం తిరుగు ఓడ. పెద్ద గుమాస్తాగారు ఒప్పుకున్నారు గానీ, "ఏమోయ్, నువ్వు సన్యాసుల్లో కలిసిపోతే షావుకారుగారికి నేనేం చెప్పుకోవాలోయ్" అని గుమ్మం దాకా వచ్చి మరీ అడిగారు.

మఠం గుమ్మంలో ఇంగ్లీషు వచ్చిన ఒక భిక్షువు నాకు నియమాలు చెప్పాడు. (నాకొచ్చిన ఇంగ్లీషు దుంగల పొడుగూ చుట్టుకొలతా చెప్పుకునేందుకు సరిపోతుందంతే. అయినా అర్థమైంది.) నోరు విప్పకూడదు. చూపు నేల మీదే ఉండాలి. మధ్యాహ్నం దాటాక మంచినీళ్ళు తప్ప ఏదీ ముట్టకూడదు. నేను రంగం తాతయ్య గురించి అడగబోయేసరికి ఆయన చిరునవ్వుతో పెదవుల మీద వేలు పెట్టి లోపలికి దారి చూపించాడు. అంటే నా మౌనం అప్పుడే మొదలైపోయిందన్నమాట. లోపలికి వెళ్ళి, నియమం సంగతి తరవాత చూసుకుందాం, ముందు ఉంగరాల జుట్టు ఎక్కడుందో చూద్దామని తలెత్తాను. ఆ మండపం నిండా నున్నగా గీసిన గుండ్లు. వరసలు వరసలుగా గుండ్లు. నాయనమ్మ చెప్పిన ఒకే ఒక్క ఆనవాలు అక్కడికక్కడే గంగలో కలిసింది.

ఊపిరి మీద ధ్యాస పెట్టి కూర్చోమన్నారు. కూర్చున్నాను. నా ధ్యాస ఎదురుగా ఉన్న స్తంభం మీదికి పోయింది. అది నికార్సైన టేకు, అతుకు లేని ఒకే మాను. అలవాటు కొద్దీ మనసులో దాని కొలత వేశాను. ఆ తరవాత పక్క స్తంభం కొలత వేశాను. మండపమంతా కొలవడం పూర్తవుతుండగా చెక్కగంట మోగింది, అందరూ భోజనానికి లేచారు.

బారుగా చాపలు, మా బంతుల్లాగే. ముందు ఎనామిల్ పళ్ళేలు. వంటింట్లోంచి ఎండుచేపల వాసన గుప్పుమని కొడుతుంటే నాకు కొల్లేటి ఒడ్డున ఉన్నట్టే అనిపించి ప్రాణం లేచొచ్చింది. వడ్డించేవాడి ముఖం చూడకూడదు కాబట్టి పాదాలు మాత్రమే కనబడ్డాయి. పాదాలు ఆగాయి, గరిటె వంగింది, గుప్పెడు అన్నం పళ్ళెంలో పడింది. వెంటనే నా చెయ్యి వెళ్ళి అడ్డంగా నిలబడింది. నేను పెట్టలేదు సుమండీ, అదే వెళ్ళింది. పాదాలు మర్యాదగా ముందుకు కదిలాయి. కూర వచ్చింది, ఒక ముక్క పడింది, చెయ్యి వెళ్ళింది, కూర కూడా ముందుకు కదిలింది. మారు వడ్డనకు వస్తారు కదా అని ఆ గుప్పెడు మెతుకుల్నీ మెల్లిగా నములుతూ కూర్చున్నాను. మారు వడ్డన అనేది ఆ మఠంలో లేదని, పళ్ళేలు తీసుకుపోతున్నప్పుడు తెలిసింది. ఎండ నడినెత్తికి వచ్చేసింది. ఇంక మర్నాడు తెల్లవారితే గంజి.

ఆ మధ్యాహ్నం నేను చేసిన ధ్యానం ఎవరూ చేసి ఉండరు. కళ్ళు మూసుకుంటే ద్వారకా తిరుమల పులిహోర, ఆకు దొన్నెలో, పైన వేయించిన వేరుశెనగపప్పుతో సహా దర్శనమిచ్చింది. ఊపిరి మీద ధ్యాస పెడదామంటే, ఆ ఊపిరి వంటింటి వైపు నుంచే వస్తోంది. ఇలా లాభం లేదని, వచ్చిన పని చూసుకుందామని లేచి తిరగడం మొదలుపెట్టాను. చెట్టు కింద ఒక వృద్ధ భిక్షువు కూర్చుని ఉన్నాడు. పొడుగ్గా, సన్నగా ఉన్నాడు. ముక్కు అచ్చం మా నాయనమ్మ ముక్కు. ఇంకేం, ఈయనే అనుకుని ఎదురుగా చతికిలబడి, నోరు విప్పకుండా కబురు చెప్పడం మొదలుపెట్టాను. చేతులతో దోనె నడిపాను. వేళ్ళు గుండ్రంగా చుట్టి బూరె చూపించాను. దానికి మధ్యలో చిల్లు పొడిచి, గిన్నె వంచి నెయ్యి పోశాను. ఆయన ఎంతో దయగా చూసి, ఆకాశంలో పొద్దు వైపు వేలు చూపించి, ఇప్పుడు తినకూడదన్నట్టు తల ఊపాడు. నేను మళ్ళీ మొదటినుంచీ, ఈసారి నెయ్యి ఇంకాస్త ధారగా పోస్తూ చెప్పాను. ఆయన నిట్టూర్చి, నన్ను చెయ్యి పట్టుకుని లేపి, ఒక చీపురు చేతికిచ్చాడు. పని చేస్తే తిండి మీద యావ తగ్గుతుందని కాబోలు. చీకటి పడేదాకా ఆ ప్రాంగణంలో ఆకులు ఊడుస్తూనే ఉన్నాను. నేను ఊడ్చిన చోట చెట్టు మళ్ళీ రాలుస్తూనే ఉంది.

మర్నాడు పొద్దున్న గంజి బంతిలో కూర్చునే ముందు కుడిచేతికి గట్టిగా చెప్పుకున్నాను, కదిలావంటే నీకూ నాకూ చెల్లు అని. అదేమైనా నా మాట వింటేనా. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ మా అమ్మ నేర్పిన మర్యాద. చిప్పలో గంజి అడుగు తడిసిందో లేదో, చెయ్యి వచ్చి కూర్చుంది. వడ్డించే కుర్రభిక్షువుకి నవ్వాగక గరిటె వణకడం కూడా చూశాను. అప్పటికి నాకు ఆకలి కంటే దిగులు ఎక్కువైంది. ఇంకొక్క భోజనం, కాసేపు ధ్యానం, ఆ తరవాత బయటికి పంపేస్తారు. రేపు ఓడ. ఏలూరు స్టేషన్లో నాయనమ్మ ఎదురొచ్చి నా ముఖం చూస్తుంది. "వాడు కనబడ్డాడా" అని అడగదు కూడా, ఊరికే చూస్తుంది. ఆ చూపు తలుచుకుంటే కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. పక్కనున్నాయన నాకు జ్ఞానోదయం అవుతోందనుకుని కాస్త జరిగి చోటిచ్చాడు.

మధ్యాహ్నం భోజనానికి కూర్చున్నాం. ఈసారి వచ్చిన పాదాలు వేరు. మడమలు పగిలిన ముసలి పాదాలు. గుప్పెడు అన్నం పడింది. చెయ్యి వెళ్ళింది. పాదాలు కదల్లేదు. గరిటె నా చేతి మీద ఒక్క క్షణం ఆగి, వేలి కణుపుల మీద టక్కున తగిలి, చేతిని పక్కకి నెట్టి, నిండుగా అన్నం దింపింది. నేను బిత్తరపోయి రెండో చెయ్యి కూడా అడ్డం పెట్టాను. రెండు చేతుల సందులోంచి ఇంకో గరిటె దిగింది. చేతులు తీసేశాను. మూడోది దిగింది. అడ్డం పెట్టిన చేతిని గరిటెతో కొట్టి వడ్డించేవాళ్ళు ఈ భూమ్మీద ఎక్కడుంటారో నాకు తెలుసు. నియమం గియమం చూడకుండా తలెత్తాను. పొడుగు లేదు, నడుం వంగిపోయింది. ఉంగరాల జుట్టు లేదు, జుట్టే లేదు. భిక్షువు కూడా కాదు, భుజాన మసిగుడ్డ వేసుకున్న వంటాయన. నేను నోరు తెరిచాను. ఆయన గరిటెనే పెదవుల మీద పెట్టుకుని, కళ్ళతో పళ్ళెం వైపు చూపించి, పక్క మనిషి దగ్గరికి కదిలాడు. ఆ అన్నమంతా ఒక్క మెతుకు వదలకుండా తిన్నాను. సాయంత్రం దాకా మాట నాలిక చివర పట్టుకుని కూర్చోవడం మాత్రం రెండు రోజుల ఆకలికంటే కష్టమైపోయింది.

చెక్కగంట మోగి మౌనం ముగియగానే వంటింటి వైపు పరుగు తీశాను. ఆయన మెట్ల మీద కూర్చుని పెద్ద గుండిగ తోముతున్నాడు. నన్ను చూసి ఏ ఊరని అడిగాడు. ఏలూరన్నాను. "నిన్న ఎవరో కొత్త కుర్రాడు పళ్ళానికి చెయ్యి అడ్డం పెడుతున్నాడని మావాళ్ళు చెప్పి నవ్వుతుంటే, మనవైపు చెయ్యేమోనని అనుమానమొచ్చి ఈ పూట నేనే వడ్డనకు వచ్చాను, నిజంగా వద్దనే వాళ్ళు వేళ్ళు దగ్గరగా పెడతారు, నీ వేళ్ళ మధ్య గరిటె పట్టేంత సందుంది" అన్నాడు. అప్పుడు నేను ఎవరి మనవణ్ణో చెప్పాను. గుండిగ తోమే చెయ్యి ఆగిపోయింది. "అక్కయ్య ఉందా?" అన్నాడు. ఉన్నారండీ అన్నాను. నాయనమ్మ చెప్పిన ముక్క, పొల్లుపోకుండా చెప్పాను. దాటి వెళ్ళిపోలేదు, నెయ్యి కోసం లోపలికి వెళ్ళింది.

"తెలుసు నాయనా. దోనె కాస్త దూరం వెళ్ళాక వెనక్కి తిరిగి చూశాను. రేవులో నెయ్యిగిన్నె పట్టుకుని నిలబడింది" అన్నాడాయన.

"మరి వెనక్కి రాలేదేమండీ?"

"పిలుస్తుందేమోనని చూశాను బాబూ. పెళ్ళివారి ముందు కేకెయ్యడం ఎందుకనుకుందో ఏమో, పిలవలేదు. ఎవరో ఒకరు పిలుస్తారు కదా అని గెడ మెల్లిగా వేసుకుంటూ వెళ్ళాను. ఏలూరు వచ్చేసింది. స్టేషన్లో కూర్చున్నాను, ఎవరో ఒకరు వస్తారు కదా అని. రైలొచ్చేసింది. కాకినాడ రేవులోనూ కూర్చున్నాను." ఆయన మసిగుడ్డతో ముఖం తుడుచుకున్నాడు. "ఓడ వచ్చేసింది."

రేవు దాకా వెళ్ళిన సంగతి నాయనమ్మ మాకెప్పుడూ చెప్పలేదు. ఈ అక్కాతమ్ముళ్ళు ఒకరి పిలుపు కోసం ఒకరూ, ఒకరి తిరిగిరాక కోసం ఒకరూ ఎదురుచూస్తూ ఇంత జీవితం గడిపేశారని తలుచుకుంటే నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఇప్పుడు నేను పిలుస్తున్నాను కదండీ, వచ్చెయ్యండి తాతయ్యా అన్నాను. అబ్బే, ఇప్పుడెందుకులే, ఇక్కడ బాగానే ఉంది అన్నాడు. ఇంకెవరైనా అయితే ఆ మాటతో లేచి వచ్చేసేవారు. నేను ఏలూరువాణ్ణి. మెట్ల మీద ఆయన పక్కనే కూర్చుని మళ్ళీ పిలిచాను. ముసలాణ్ణి, అంత దూరం ఎక్కడ రాగలను అన్నాడు. మళ్ళీ పిలిచాను. ఆయన గుండిగ బోర్లించి, "నువ్వింతగా అడుగుతుంటే కాదంటే బాగుండదు" అన్నాడు.

ఆ ఏడు వానలు వెనకబట్టాక వచ్చాడు. స్టేషన్‌కి నాయనమ్మే ఎదురెళ్ళి తీసుకొచ్చింది. ఇంటికొచ్చాక ఆవిడ విస్తరి వేసి బూరె వడ్డించింది. ఈసారి నెయ్యిగిన్నె ముందే ఎడంచేతిలో పట్టుకుని వచ్చింది. ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు. ఆవిడ ఆ చెయ్యి తియ్యమని అడగలేదు, కొట్టలేదు, నెయ్యి చేతి మీదే పోసేసింది. వేళ్ళ సందుల్లోంచి అది బూరె మీదికి కారుతుంటే ఇద్దరూ నవ్వారు, ఆ తరవాత ఇద్దరూ ఏడ్చారు. మా అమ్మ పక్కకి వెళ్ళి కళ్ళు తుడుచుకుంది. కొన్నాళ్ళుండి, మఠంలో వాళ్ళకి వండిపెట్టేవాళ్ళు లేరని ఆయన మళ్ళీ రంగం వెళ్ళిపోయాడు. ఈసారి చెప్పి వెళ్ళాడు. రైలు కదిలి ప్లాట్‌ఫారం దాటిపోయేదాకా నాయనమ్మ, చుట్టూ ఎంతమంది ఉన్నా లెక్కచెయ్యకుండా, "ఇంకో నాలుగు రోజులుండరా తమ్ముడూ" అని కేకలు వేస్తూనే ఉంది. ఆయన కిటికీలోంచి చెయ్యి ఊపుతూ తృప్తిగా వెళ్ళాడు.

ఇప్పుడు ఆ మఠంలో కూర్చున్న కుర్రాణ్ణి తలుచుకుంటే ముచ్చటేస్తుంది. రెండు రోజుల ధ్యానంలో వాడికి మోక్షం సంగతి ఏమీ తెలియలేదుగానీ, మా మనిషి దొరికాడు. ఈ కాలపు పిల్లలు మంచివాళ్ళు, నిజాయితీపరులు. ఇంకొంచెం వెయ్యమంటారా మావయ్యగారూ అని మా కోడలు ఒక్కసారి అడుగుతుంది. నేను చాలమ్మా అని చెయ్యి అడ్డం పెడతాను. ఆ అమ్మాయి నా మాట నమ్మి గిన్నె తీసుకుని లోపలికి వెళ్ళిపోతుంది. నేను మాత్రం అలకపూనను, విస్తరి మడవను. ఒకవేళ నెయ్యి కోసం వెళ్ళిందేమోనని, వేళ్ళ మధ్య కాస్త సందు ఉంచి, ఆ చెయ్యి అలాగే పెట్టుకుని కాసేపు కూర్చుంటాను.